వేలికి బదులిచ్చే బటన్

బోధన్ చుట్టుపక్కల మోటరు స్టార్టర్ డబ్బా తెలియని చెరకు రైతు ఉండడు. పచ్చ బటన్ ఒత్తితే నడుస్తుంది, ఎర్ర బటన్ ఒత్తితే ఆగుతుంది. ఆ రెండింటినీ అరచేయంత తెర మీద గీసి, వేలు తగలగానే అంతే నమ్మకంగా పనిచేయించడం ఒక గొప్ప విద్య. గీయడం ఎవరికైనా వస్తుంది. వేలికి బదులివ్వడంలోనే పనితనమంతా ఉంది.

టచ్ తెర పాతదే. 1970లలో అమెరికాలో శామ్ హర్స్ట్ బృందం ఒత్తిడితో పనిచేసే రకానికి దారి వేసింది. నాకు ముచ్చటేసేది మాత్రం దాన్ని చిన్న చిప్పుతో నడిపించినవాళ్ల నేర్పు. ఆర్డుయినో ఊనో ఆర్3 అనే చిన్న బోర్డులో ఉన్న ర్యామ్ 2 కిలోబైట్లు. 240 అడ్డం, 320 నిలువు చుక్కలున్న తెరలో చుక్కకు రెండు బైట్ల చొప్పున బొమ్మ మొత్తానికి 1,53,600 బైట్లు కావాలి. అంటే తాను ఏం గీసిందో గుర్తుంచుకునే చోటు కూడా చిప్పుకు లేదు. గీసింది గీసినట్టే తెరకు పంపేయాలి.

ఇంత ఇరుకులో ఇంజనీరు లిమోర్ ఫ్రీడ్, తెర మీద బొమ్మలు గీసే అడాఫ్రూట్ జీఎఫ్ఎక్స్ అనే కోడ్ లైబ్రరీలో బటన్‌ను ఎంత పొదుపుగా అమర్చారో చూడండి! చోటు, కొలత, రంగులు, తొమ్మిది అక్షరాల లోపు పేరు. వీటికి తోడు రెండే రెండు సంగతులు: ఇప్పుడు ఒత్తి ఉందా, ఇంతకుముందు ఒత్తి ఉందా. ఈ రెంటి తేడాలోంచే ‘ఇప్పుడే ఒత్తారు’, ‘ఇప్పుడే వదిలారు’ అన్న కబుర్లు పుడతాయి. వేలు ఎంతసేపు ఆనించి ఉంచినా మోటరుకు ఆజ్ఞ ఒక్కసారే వెళ్తుంది. మూలల గుండ్రదనం చిన్న భుజంలో నాలుగో వంతు; అందుకే ఏ కొలతకైనా బటన్ కంటికి ఇంపుగా ఉంటుంది. ఒత్తినప్పుడు రంగులు తారుమారై ఆ బటన్ ఒక్కటే మళ్లీ గీయబడుతుంది, మిగతా తెర కదలదు. ఆ కోడ్ చదివిన ప్రతిసారీ నాకు చేతులెత్తి మొక్కాలనిపిస్తుంది.

ఈ బాటలో నడిచినవాళ్లూ తక్కువవాళ్లు కారు. బజారులో ఒకేలా కనిపించే చవక తెరల లోపల కంట్రోలర్ చిప్పు ఒక్కో దాంట్లో ఒక్కోటి. డేవిడ్ ప్రెంటిస్ రాసిన లైబ్రరీ తెర గుర్తింపు సంఖ్యను చదివి, అది ఏ జాతిదో తేల్చుకుని దాని భాషలోనే మాట్లాడుతుంది. పాల్ స్టాఫ్రిజెన్ టచ్ లైబ్రరీలో ఒత్తిడి ఒక హద్దు దాటితేనే అది వేలు. లేకపోతే ఉత్త చప్పుడు కింద లెక్క. బోడ్మర్ టీఎఫ్‌టీ ఈఎస్పీఐ అయితే బటన్ అంచుల గరుకును నున్నగా కరిగించేసింది.

హంగరీకి చెందిన గాబోర్ కిష్-వామోషి 2016లో మొదలుపెట్టిన ఎల్‌వీజీఎల్ లైబ్రరీ వీటన్నిటికంటే పెద్దది. తెరలో పదో వంతుకు సరిపడే మెమరీ ఉన్నా ముక్కలు ముక్కలుగా గీస్తుంది. అందులో ప్రెస్ లాక్ అనే అమరిక తీసేస్తే, వేలు బటన్ మీంచి జారిపోయినప్పుడు దాన్ని నొక్కినట్టు లెక్కించదు. పొరపాటున తాకిన రైతుకు తప్పించుకునే దారి అది. లిమోర్ బటన్‌లో ఈ జాగ్రత్త మనమే రాసుకోవాలి, ఒప్పుకుంటాను. అయినా నేర్చుకునేవాడికి మొదటి గురువు ఆ చిన్న బటనే అని ఎవరితోనైనా వాదిస్తాను. మొత్తం ఒక్క పూటలో చదివి అర్థం చేసుకోవచ్చు.

కడుపు మండేది నకళ్లను చూస్తే. ఫైనలియర్ పిల్లలకు రెడీమేడ్‌గా అమ్మే ప్రాజెక్టుల్లో, ఒక్క బటన్ రంగు మారడానికి తెర మొత్తం తుడిచి మళ్లీ గీస్తారు. గోడ మీద ఒక మచ్చ పడిందని ఇల్లంతా సున్నం వేసినట్టు! తెర మిణుకుమంటుంది, మధ్యలో పెట్టిన డిలే (కాసేపు ఆగమనే ఆజ్ఞ) వల్ల వేలు తగిలిన సంగతే చిప్పుకు తెలియదు. పైగా ఫైలు తలమీద ఉన్న రచయిత పేరు చెరిపేసి తమ పేరు రాసుకుంటారు. ఉచితంగా ఇచ్చినవాళ్లు ప్రతిఫలంగా అడిగింది ఆ పేరు ఉంచమనే కదా! అదీ దొంగిలిస్తే ఏమనాలి?

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, 1937లో మొదలైన మా బోధన్ చక్కెర ఫ్యాక్టరీ నిజాం షుగర్స్ 2015 డిసెంబరులో మూతపడింది. ఫ్యాక్టరీ ఉన్న శక్కర్‌నగర్‌లో ఎంత చేతిపని దాంతోపాటే చెదిరిపోయిందో ఇక్కడివాళ్లకు చెప్పనక్కర్లేదు. కొత్త పనితనమైనా ఇక్కడ వేళ్లూనాలని నా ఆరాటం. నిజామాబాద్ పాలిటెక్నిక్ పిల్లలారా, బాసర ట్రిపుల్ ఐటీ పిల్లలారా, మన పొలానికి పనికొచ్చే బటన్ గీయండి. బురద చేతికి, తడి చేతికి ఒత్తిడితో పనిచేసే రెసిస్టివ్ తెరే నమ్మకం. 2.8 అంగుళాల తెరపై సెంటీమీటరు వెడల్పు కావాలంటే సుమారు 55 చుక్కలు. అంతకంటే చిన్నది గీసి రైతు బొటనవేలిని పరీక్షించకండి.

తెలుగులో రాయండి. లిమోర్ లైబ్రరీలో వచ్చే అక్షరాలు ఇంగ్లిషువే, మన ఒత్తులూ గుణింతాలూ దానికి తెలియవు. దారి లేకపోలేదు: పోతన ఫాంట్‌లో ‘నడుపు’, ‘ఆపు’ అని రాసి, మాట మొత్తాన్ని ఒక బొమ్మగా మార్చి చిప్పులో పెట్టండి. 64 చుక్కల వెడల్పు, 24 చుక్కల ఎత్తు ఉన్న నలుపు తెలుపు బొమ్మకు 192 బైట్లు చాలు. ఊనోలో ప్రోగ్రాముకే 32 కిలోబైట్లుంది. ఆ ఫైలును పదిమందికీ ఇవ్వండి. పైన మీ పేరుతోపాటు లిమోర్ ఫ్రీడ్ పేరు కూడా ఉంచండి.