పుస్తకం ఉండగా గ్రాట్స్ దాకా ఎందుకు?

ఈ వారం నాకు చిరాకు తెప్పించింది ఒక బ్రోచర్. లెస్టర్‌లో స్థిరపడిన మా బావమరిది పంపాడు. వాళ్ళమ్మాయి అక్కడ ఎం.కెమ్ చదువుతోంది. డిగ్రీ, పీజీ కలిపి నాలుగేళ్ళు. అందులో ఒక ఏడాది వేరే దేశంలో చదవొచ్చు. "బావగారూ, మేమున్నదే పరాయి దేశం. దానికి మళ్ళీ ఇంకో పరాయి దేశమా?" అని అతని గోల. ఇంగ్లండ్‌లో స్థానిక విద్యార్థులకు ఆ ఏడాది ఫీజు గరిష్ఠ పరిమితిలో 15 శాతం దాటదని తెలిశాక గోల సగానికి తగ్గిందనుకోండి. నా చిరాకు వేరు. బ్రోచర్ నిండా కోటలు, కాఫీ కప్పులు, మంచు మీద జారే పిల్లలు. ఫ్లాస్కు పట్టుకున్న చెయ్యి ఒక్కటీ లేదు.

చరిత్ర చదివేవాళ్ళు రోమ్ వెళ్ళారంటే అర్థముంది. సోడియం ఎక్కడైనా సోడియమే కదా! నీళ్ళలో పడేస్తే గుంటూరులోనూ చిటపటలాడుతుంది, గోటింగెన్‌లోనూ చిటపటలాడుతుంది. చేసే పద్ధతి పుస్తకంలో ఉంటుంది, పుస్తకం పోస్టులో వస్తుంది. ఇంతే రాసి ముగించేద్దామని కూచుంటే రసాయన శాస్త్రవేత్త శేషాద్రి గారి కథ అడ్డొచ్చింది. 

టి.ఆర్. శేషాద్రి 1927లో మాంచెస్టర్ వెళ్ళి, రాబర్ట్ రాబిన్సన్ దగ్గర 1929లో పీహెచ్‌డీ పుచ్చుకున్నారు. నేరుగా ఓడెక్కి వచ్చేయొచ్చు. అలా చేయకుండా ఆస్ట్రియాలోని గ్రాట్స్‌కి వెళ్ళి ఫ్రిట్స్ ప్రేగ్ల్ దగ్గర కొన్నాళ్ళు పనిచేశారు. ప్రేగ్ల్ అంటే 1923 నోబెల్ గ్రహీత. ఒక సేంద్రియ పదార్థంలో కార్బన్, హైడ్రోజన్ ఎంతెంత ఉన్నాయో తేలాలంటే దాన్ని కాల్చాలి. వచ్చిన నీటి ఆవిరినీ కార్బన్ డయాక్సైడునీ గాజు గొట్టాల్లోని మందుల చేత పీల్పించి, గొట్టాల బరువు ఎంత పెరిగిందో తూచాలి. ఎక్కువ సరుకు కావలసిన ఈ పనిని ప్రేగ్ల్ మూడు నుంచి అయిదు మిల్లీగ్రాములతో కానిచ్చేలా చేశాడు. పూల రంగుల మీద పరిశోధన చేస్తూ, తట్టెడు పూలు ఉడకబెట్టినా చిటికెడు రంగు దొరకని శేషాద్రి లాంటి వాళ్ళకి అంతకంటే ఏం కావాలి?

ఈ పద్ధతంతా ప్రేగ్ల్ 1917లోనే పుస్తకంగా వేశాడు. 1924కల్లా ఇంగ్లీషులోకీ వచ్చింది. మరి శేషాద్రి గ్రాట్స్ దాకా ఎందుకు వెళ్ళినట్టు?

తూచబోయే ముందు ఆ గాజు గొట్టాన్ని తడి ఫ్లానెల్ గుడ్డతో తుడవాలి. తర్వాత పొడి షామీ తోలుతో తుడవాలి. కాసేపు ఆగాలి. అప్పుడు తూచాలి. త్రాసు మిల్లీగ్రాములో వెయ్యో వంతు చెప్పేది. గుడ్డ ఏపాటి తడిగా ఉండాలి, వేళ్ళు ఎంత నొక్కాలి అన్నది తుడుస్తున్నవాడి పక్కన నిలబడి చూడాల్సిందే.

ఇక్కడ మా కాలేజీ సంగతి ఒకటి చెప్పక తప్పదు. డిగ్రీ ల్యాబులో మేం సీనియర్ల రికార్డులు చూసి రికార్డులు రాసేవాళ్ళం. పరీక్షలో ఇచ్చిన సాల్ట్ ఏమిటో అటెండరు కనుసైగతో చెప్పేవాడు. బ్యూరెట్ కుళాయి మా బ్యాచ్ అంతా కుడిచేత్తోనే తిప్పేది. ఫైనల్ ప్రాక్టికల్స్‌కి ఎక్స్‌టర్నల్‌గా వచ్చిన పెద్దమనిషి నా వెనక చాలాసేపు నిలబడి, "మీ కాలేజీలో అందరూ ఇలాగే పడతారా?" అని అడిగాడు. తప్పనలేదు, నిజంగానే ఆశ్చర్యపోయాడు. ఎడమచేత్తో కుళాయి, కుడిచేత్తో ఫ్లాస్కు పడతారని ఆయన చూపించేదాకా, పట్టుకోవడానికి ఇంకో తీరుందనే మాకు తోచలేదు. ఆయన వచ్చింది ముప్పై మైళ్ళ అవతలి కాలేజీ నుంచి.

అంచేత, సోడియం ఎక్కడైనా సోడియమే కాబట్టే పిల్ల వెళ్ళాలి. రోమ్‌లో చరిత్ర విద్యార్థికి అన్నీ కొత్తే, దేన్ని దేనితో పోల్చుకుంటాడు? కెమిస్ట్రీ పిల్లకి పదార్థం అదే, చర్య అదే. తేడా కనిపిస్తే అది మనిషి చేతిలోనూ అలవాటులోనూ ఉన్నట్టే. అలవాటు మాటకొస్తే, జర్మనీలో చాలాచోట్ల ప్రాక్టికల్ ముట్టుకోవాలంటే ముందు అసిస్టెంటు అడిగిన ప్రశ్నలకు నోటితో జవాబు చెప్పాలి. చెప్పలేకపోతే ఆ పూట ప్రయోగం లేదు. మన అటెండరు అక్కడుంటే ఏమైపోయేవాడో!

శేషాద్రి 1934లో వాల్తేరు వచ్చి ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో కెమిస్ట్రీ శాఖను నిలబెట్టారు. పత్తి పూల రంగుల మీద అక్కడ పని జరిగింది. యుద్ధభయంతో 1942లో యూనివర్సిటీ గుంటూరుకు తరలితే పరిశోధన కూడా మూటాముల్లె సర్దుకుని వెంట వెళ్ళింది. సముద్రం దాటని కుర్రాళ్ళు గ్రాట్స్ పనితనాన్ని ఆయన దగ్గర చూసి నేర్చుకున్నారు.

నిన్న అమ్మాయే ఫోన్ చేసింది. "మామయ్యా, వియన్నాకి వెళ్ళనా, మ్యూనిక్‌కి వెళ్ళనా?" అంది. ఊరు సంగతి తర్వాత, ల్యాబులో నీ పక్క బెంచీ ఎవరిదో కనుక్కో అన్నాను. చాలా పేరున్న ప్రొఫెసర్ అట, గడగడా చెప్పేసింది. ప్రొఫెసర్ నీ పక్కన ఎక్కడ నిలబడతాడమ్మా, ఆయన దగ్గర పీహెచ్‌డీ చేస్తున్న పిల్లలెవరో అడుగు అన్నాను.