చెప్పినవారి పేరు

సురవరము ప్రతాపరెడ్డిగారి 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర'ను చదువువారిలో పెక్కురు, ఆటపాటలు, భోజనపదార్థములు, వేషభూషలు, వర్తకవ్యాపారములు మొదలగు ముచ్చటలలో మునిగి, ప్రకరణము ముగియగానే పుట త్రిప్పివేయుదురు. కాని ఆ ప్రకరణముల తుదిని, ఏయే గ్రంథముల నాధారముగా గైకొని ఆ మాటలు వ్రాయబడినవో తెలుపు పట్టిక యొకటి నిరాడంబరముగా నిలిచియుండును. 1949లో వెలువడి, గ్రంథకర్త కీర్తిశేషుడైన పిమ్మట 1955లో తెలుగునకు తొలి కేంద్ర సాహిత్య అకాడమి పురస్కారమును దెచ్చిన ఆ మహాగ్రంథమున, పరిశోధన నేర్వగోరువానికి మొదట చూపదగిన పుటలు నా దృష్టిలో అవియే.

ఏలయన, పాలమూరు సీమలోని ఇటికాలపాటి వాస్తవ్యుడైన ఆ మహనీయుడు, రాజుల దండయాత్రలను గాక ప్రజల బ్రతుకును చరిత్రగా వ్రాయబూని, కావ్యములనుండి, శతకములనుండి, సామెతలనుండి సాక్ష్యములు ఏరవలసివచ్చెను. నడచిన బాట లేనిచోట నడచువాడు తన వెనుక అడుగుజాడలు విడువవలెను. తెలంగాణమున కవులు లేరను మాట వినబడినప్పుడు ఆయన ఆవేశముతో వ్యాసము వ్రాసి ఊరకుండలేదు. 1934లో 354 మంది కవుల రచనలను 'గోలకొండ కవుల సంచిక'గా కూర్చి లోకము ముందుంచెను. అంతటితో వాదము ముగిసెను. ఆధారము చూపుటకు మించిన ప్రత్యుత్తరము లేదు.

ఈ మర్యాద మనకు పాశ్చాత్య విశ్వవిద్యాలయములు నేర్పినదని తలచుట పొరపాటు. తెలుగునాటి కొలచల వంశజుడైన మల్లినాథసూరి, కాళిదాసాది మహాకవుల కావ్యములకు వ్యాఖ్యలు రచించుచు, మూలము లేని దేదియు తాను వ్రాయబోనని ప్రతిజ్ఞ చేసెను. ఒక పదమునకు అర్థము చెప్పిన వెంటనే ఏ నిఘంటు వట్లు చెప్పినదో పేర్కొనుట ఆయనకు నిత్యవ్రతము. పెదపాటి జగ్గన కూర్చిన 'ప్రబంధరత్నాకరము' ఈ మర్యాదకు మరియొక సాక్షి. ఏ పద్యము ఏ కావ్యములోనిదో ఆ సంకలనకర్త సూచించుటచేతనే, కాలగర్భమున గలసిపోయిన పెక్కు కావ్యముల పేర్లును, కొన్నింటి పద్యములును మనకు దక్కినవి. 1918లో వేటూరి ప్రభాకరశాస్త్రిగారి 'ప్రబంధరత్నావళి' వాటిని వెలుగులోనికి దెచ్చెను. పేరు చెప్పుట మర్యాద మాత్రమే కాదు, గ్రంథమునకు ప్రాణరక్షణ కూడ నని దీనివలన తెలియుచున్నది.

ఇక పద్ధతి మాట. పరిశోధకుడు మొట్టమొదట తన సాక్షి సంఘటనకు ఎంత దూరమున నున్నాడో కొలువవలెను. కాకతీయుల కాలపు ఓరుగంటి వీథులను చూపుటకు 'క్రీడాభిరామము'ను మించిన కావ్యము లేదని అందరు నెరుగుదురు. కాని అది రావిపాటి త్రిపురాంతకుని సంస్కృత 'ప్రేమాభిరామము'నకు తెలుగు రూపము; కాకతీయ రాజ్యము 1323లో అస్తమించిన చాలకాలమునకు అవతరించినది. కావున అందలి పూటకూటింటి ముచ్చటను గ్రహించువాడు, ఇది ఏ కాలపు కన్ను చూచిన దృశ్యమో చెప్పి మరీ గ్రహింపవలెను. కావ్యము అబద్ధమాడునని కాదు, సాక్షి ఎచట నిలిచి చూచెనో తెలియనిదే సాక్ష్యమునకు విలువ కట్టరాదు.

సమకాలిక మూలము ఒక్కటి దొరకినచో ఎన్ని ఊహలు తారుమారగునో నాటి నల్లగొండ జిల్లాలోని తుమ్మలగూడెము చూపినది. విష్ణుకుండినుల శాసనములలో అంతకుముందు రాజ్యసంవత్సరములే కానవచ్చుచుండుటచే, చరిత్రకారులు వంశవృక్షమును తలకొక తీరున అల్లుచుండిరి. బి.ఎన్. శాస్త్రిగారి కృషిచే వెలుగుచూచిన తామ్రశాసనములలో, విక్రమేంద్ర భట్టారకవర్మ శాసనము శకాబ్దము 488ను, అనగా క్రీ.శ. 566ను, స్పష్టముగా పేర్కొనుటతో ఆ అల్లికలను మరల విప్పవలసివచ్చెను. ముందటివారు తమ ఆధారములను చూపి వ్రాసియుండుటచేతనే, ఎచట ముడి విప్పవలెనో తరువాతివారికి తెలిసెను.

రెండవది స్థలనిర్దేశము. 'పానగల్లు శాసనమున గలదు' అన్నంత మాత్రమున చాలదు. ఏ గుడి, ఏ స్తంభము, ఏ శకవర్షము, ఎన్నవ పంక్తి, ఏ సంపుటమున అచ్చయినది అని చెప్పినప్పుడే చదువరి తానుగా పోయి చూడగలడు. గ్రంథమైనచో కర్త, పేరు, ముద్రణ, సంవత్సరము, పుట అను నీ ఐదును చదువుచున్నప్పుడే చీటిపై వ్రాసికొనవలెను. తరువాత వ్రాసికొందమనుకొన్నవాడు తరువాత వెదకికొనుచు నెలలు గడపును.

మూడవది, ఇతరుల వాక్యమును, ఇతరుల భావమును, తన ఊహను వేరువేరుగా నుంచుట. వాక్యము నున్నదున్నట్లు గ్రహించినచో ఉద్ధరణ చిహ్నములలో నుంచవలెను. భావమును తన మాటలలో మార్చి చెప్పినను ఋణము తీరదు, పేరు చెప్పియే తీరవలెను. నాలుగు పదములు అటునిటు మార్చినంతనే పరుల సొమ్ము తన సొమ్ము కాదు. మూలమును చూడక మరియొకరి పుస్తకమునుండి గ్రహించినప్పుడు, ఆ మధ్యవర్తి పేరును దాచి మూలమునే చూచినట్లు నటించుట అన్నింటికంటె సూక్ష్మమైన అసత్యము. మధ్యవర్తి చేసిన అచ్చుతప్పు తన వ్రాతలో యథాతథముగా ప్రత్యక్షమై యా నటనను పట్టియిచ్చును. 'పెద్ద లందురు', 'కొందరు పండితుల యభిప్రాయము' అని వ్రాయువారు, ఆ పెద్దలెవరో ఆ కొందరెవరో చెప్పకున్నచో అది గాలిమాటయే.

నాలుగవది నోటిమాట. 1986లో వెలువడిన 'మనకు తెలియని మన చరిత్ర' గ్రంథము, తెలంగాణ సాయుధపోరాటమున పాల్గొనిన స్త్రీల జ్ఞాపకములను వారి నోటిమాటగానే లోకమునకు వినిపించినది. నల్లగొండ పల్లెల పోరాటగాథకైనను, ఆనకట్టలు కట్టుటకై వలసపోయిన పాలమూరు కూలీల బ్రతుకుకైనను, కాగితముకంటె కంఠమే ముఖ్యాధారమగును. అట్టిచోట చెప్పినవారి పేరు, ఊరు, వయస్సు, విన్న తేది వారి అనుమతితో వ్రాసికొనవలెను. పేరు వలదన్నచో దాచి, దాచితినని చెప్పవలెను.

విశ్వవిద్యాలయ గ్రాంట్స్ కమిషను 2018లో గ్రంథచౌర్య నివారణకు నియమావళిని ప్రకటించినది. పరిశోధనగ్రంథమున పోలిక నూటికి 10 వరకు ఉపేక్షింపబడును, 40 వరకు సవరించి మరల సమర్పింపవలెను, 60 దాటినచో నమోదే రద్దగును. యంత్రము అక్షరముల పోలికను లెక్కింపగలదు; అడుగక తీసికొన్న ఆలోచనను లెక్కింపజాలదు. ఆ లెక్కను పరిశోధకుడే మనస్సులో చూచికొనవలెను.

మన పల్లెలలో చేబదులు పత్రములేని అప్పు. నమ్మకమే దానికి పత్రము. తిరిగి ఇచ్చువాడు మరల అడుగుటకు ముఖము గలవాడగును. విద్యాలోకమున అప్పు తీర్చుట యనగా పేరు చెప్పుటయే. నాడు ప్రతాపరెడ్డిగారు ప్రకరణముల చివర వ్రాసిన పట్టికలు అట్టి అప్పుల చిట్టాలు. వాటిని పట్టుకొని నేటి విద్యార్థి ఆయన చదివిన పుస్తకమునే తెరచి, ఆయనతో ఏకీభవింపనైనను, విభేదింపనైనను వచ్చును.