గాయపడిన క్రీడాకారుని కథ – సంచారిభావముల లోపము

కోవిల్‌పట్టి నల్లరేగడి నేల అగ్గిపెట్టెలకును, వేరుసెనగ మిఠాయికిని ఎంత పేరు గన్నదో హాకీ ఆటకును అంత పేరు గన్నది. లక్ష్మీ అమ్మాళ్ స్మారక అఖిల భారత హాకీ పోటీలు జరుగునది ఇచ్చటనే. 2022లో జకార్తా ఆసియా కప్పు పోటీలలో భారత జట్టున ఆడిన మారీశ్వరన్ ఈ యూరివాడే. కావున నాయొద్ద తెలుగు చదువు పిల్లలలోను హాకీ కర్ర పట్టినవారు పలువురు గలరు. వారిలో నొక బాలుడు అడిగిన ప్రశ్నయే ఈ వ్యాసమునకు మూలము.

ఆ బాలునికి ఆటలో మోకాటి స్నాయువు తెగినది. శస్త్రచికిత్స జరిగినది. కాలు కుదురుకొన్నదనియు, ఇక ఆడవచ్చుననియు వైద్యులు చెప్పిరి. ఐనను అతడు మైదానము వైపు పోవుట మానుకొనెను. అతనికి ధైర్యము కలుగునని తలచి, పుల్లెల గోపీచంద్ గారిని గూర్చి తెలుగున వచ్చిన కొన్ని వ్యాసములను ఏర్చి పాఠముగా చదివించితిని. అంతయు చదివి అతడు, “అయ్యా, వారు పడినారు, గెలిచినారు. నడుమ ఏడేండ్లు ఏమి చేసినారో ఇందులో లేదే?” అనెను. నాకు సమాధానము తోచలేదు.

ఆ రాత్రి ఆ వ్యాసములను మరల చదివితిని. బాలుని మాట సత్యము. 1994లో పుణేలో జాతీయ క్రీడలలో గోపీచంద్ గారి మోకాలు తీవ్రముగ గాయపడుట ఒక వాక్యము. పలుమార్లు శస్త్రచికిత్స జరుగుట మరియొక వాక్యము. 2001 మార్చిలో బర్మింగ్‌హామున చైనా వీరుడు చెన్ హాంగును 15–12, 15–6 తేడాతో ఓడించి ఆల్ ఇంగ్లండ్ బిరుదును గైకొనుట మూడవ వాక్యము. 1996 మొదలు 2000 వరకు వరుసగ ఐదు పర్యాయములు జాతీయ విజేతగ నిలుచుటయు, 1998లో కౌలాలంపూరు కామన్వెల్త్ క్రీడలలో కాంస్యపతకము నందుటయు సైతము ఈ వేగములో జారిపోవును. బాహ్యమైన విజయములకే చోటు లేనప్పుడు మనస్సున జరిగినదానికి చోటెక్కడిది?

దీనిని అలంకారశాస్త్ర దృష్టితో పరిశీలింతము. ఇట్టి కథనములు వీరరసమును ఉద్దేశించినవి. వీరమునకు స్థాయి ఉత్సాహము. కాని స్థాయి యొక్కటియే రసము కాజాలదు. సంచారిభావములు వచ్చుచు పోవుచు దానిని పోషింపవలెను. భరతాదులు పరిగణించిన సంచారులు 33. వానిలో పెక్కింటిని గాయపడిన క్రీడాకారుని మనస్సున చూడవచ్చును. నిన్నటివరకు పరుగెత్తిన కాలు నేడు మంచము దిగలేకపోవుట గ్లాని. తన స్థానమున వేరొకడు ఆడుచుండగా గట్టుపై కూర్చుండి చూచుట అసూయకు తావు. ఆట లేనిదే నేనెవ్వడనను ప్రశ్న నిర్వేదమునకు దారి. మరల అదే చోట అదే విధమున పడుదునేమో యని రాబోవు కీడును ముందుగ నూహించుట శంక. ఆ శంకను శిక్షకునికి తెలియనీయక నవ్వుచు దాచుట అవహిత్థ. వీని నన్నింటిని దాటి, ఈ దినమునకు ఇంత చాలునని స్థిమితపడుట ధృతి. మన కథకులు ఈ భావములను విడిచి ఉత్సాహమును మాత్రము నిలిపిరి. అందుచే కథ వార్తగ మిగిలెనేగాని రసవంతము కాలేదు.

ఇది సాహిత్యదోషము మాత్రమే యైనచో అంతగా చింతింపనక్కర లేదు. దీనివలన చదువరికి హాని గలదు. మోకాటి స్నాయువునకు శస్త్రచికిత్స చేయించుకొన్నవారిని గూర్చిన పెక్కు పరిశోధనలను క్రోడీకరించి 2014లో ప్రకటించిన సమీక్షలో, నూటికి 81 మంది ఏదో యొక ఆటకు మరలిరనియు, పూర్వపు స్థాయిని అందుకొన్నవారు 65 మంది యనియు, పోటీ క్రీడకు మరలినవారు 55 మంది మాత్రమే యనియు తేలినది. కాలి బలము తిరిగి వచ్చినను మైదానమునకు మరలనివారు గలరు. అందుకు గల కారణములలో మరల గాయపడుదునను భీతి ముఖ్యమైనది. ఆస్ట్రేలియా పరిశోధకులు 2008లో ఈ మానసిక సంసిద్ధతను కొలుచుటకు 12 ప్రశ్నల పట్టికనే కూర్చిరి. మన లాక్షణికుల శంకకు నేడు కొలమానము ఏర్పడినదన్నమాట.

న్యూజిలాండ్ పరిశోధకులు 2006లో ప్రకటించిన ప్రయోగ మొకటి నా వాదమునకు మరింత సన్నిహితము. శస్త్రచికిత్సకు సిద్ధమగుచున్నవారికి, తమవంటి రోగులే కష్టపడుచు మెల్లగా కోలుకొను దృశ్యములను చలనచిత్రముగ చూపిరి. చూచినవారికి రాబోవు నొప్పిని గూర్చిన భయము తగ్గినది; ఊతకర్రలతో నడువగలమను నమ్మకము హెచ్చినది. వారికి చూపినది విజయమును కాదు, కోలుకొను క్రమమును. మనము చెప్పక విడుచునది సరిగా ఆ క్రమమునే.

పి. వి. సింధు గారి ఉదాహరణమును గూడ గమనింపుడు. 2022 ఆగస్టులో బర్మింగ్‌హాము కామన్వెల్త్ క్రీడలలో ఆమె చీలమండ గాయముతోనే స్వర్ణము గెలిచిరి. పిదప నెలలతరబడి ఆటకు దూరమైరి. 2023 జనవరిలో మలేషియాలో మరల బరిలోనికి దిగి తొలి పందెముననే కరోలినా మారిన్ చేతిలో ఓడిరి. ఆ మారిన్ సైతము అంతకు పూర్వము రెండు మోకాళ్లకును శస్త్రచికిత్స పొందిన వనితయే. గాయమునుండి లేచివచ్చిన యిద్దరి నడుమ జరిగిన ఆ పందెమున ఎంత కథ యున్నది! స్వర్ణమును పాడినవారు ఆ ఓటమిని అంకెలలో ముగించిరి.

వీరుని దైన్యమును వ్రాసినచో వీరత్వము తగ్గునని కొందరు శంకింపవచ్చును. గీతకు ఆరంభము అర్జునుని విషాదమే కదా! గాండీవము జారిన చేయి యని తెలిసినందున ఆ చేతిని మనము తక్కువగ చూచితిమా? ఐతే ఒక హెచ్చరిక. సంచారులను కథకుడు కల్పించి జీవించియున్నవారికి అంటగట్టరాదు. వారిని అడిగి తెలిసికొని వ్రాయవలెను. ఓటమిని గూర్చియు అడుగగల కథకుడు మనకు కావలెను.

తమిళనాట తెలుగు చదువు మన బిడ్డలకు దొరకు తెలుగు పుటలు కొద్ది. ఆ కొద్ది పుటలలో పడిపోయినవాడు తన మనస్సును తాను గుర్తుపట్టగల పుట యొక్కటియైన నుండవలెనని నా విన్నపము. ఎన్నికలో తప్పు నాది కనుక దిద్దుబాటును నేనే మొదలిడితిని. ఆ బాలునితోనే అతని నడిమి నెలలను తెలుగున వ్రాయించుచున్నాను. మొదటి పుటలో, తన భయమును తల్లికి గూడ చెప్పలేదని వ్రాసెను. ఇప్పుడు సాయంకాలములందు మైదానమునకు పోయి గట్టు ప్రక్కన బంతిని కొట్టుచున్నాడు. పందెమునకు ఇంకను దిగలేదు. ఆ మాటను గూడ కథలో వ్రాయుమని చెప్పితిని.