కీలుబొమ్మ కాని బొమ్మ

తెలుగులో ఎవరినైనా తీసిపారేయాలంటే 'కీలుబొమ్మ' అంటాం. ఎవరో ఆడిస్తే ఆడేదని. ఫ్యాషన్ బొమ్మల దగ్గరికొచ్చేసరికి ఈ తిట్టు తిరగబడుతుంది. కీళ్లు ఎంత ఎక్కువుంటే, తయారుచేసిన కంపెనీ మాట అంత తక్కువ చెల్లుతుంది. బార్బీ, బ్రాట్జ్, మాన్‌స్టర్ హై బొమ్మల్ని ముఖాలు చూసి కాదు, కీళ్లు చూసి పోల్చాలని నేననేది అందుకే.

1959లో మాటెల్ తెచ్చిన మొదటి బార్బీకి మెడ, భుజాలు, తుంటి మాత్రమే కదిలేవి. మోచెయ్యి వంగదు. మడమలు ఎప్పుడూ పైకే, హీల్స్ కోసమే పుట్టినట్టు. 1965లో ఆమెను వ్యోమగామిని చేశారు. బూట్ల లోపల పాదం మాత్రం ఆ హీల్స్ పాదమే.

2001లో ఎంజీఏ కంపెనీ బ్రాట్జ్ వచ్చింది. పెద్ద తల, పెద్ద కళ్లు, నిండు పెదాలు, టీనేజ్ పొగరు. చెప్పులు మార్చాలంటే పాదమే ఊడదీయాలి, రెండూ ఒకే ముక్క. ఒళ్లు వేరు, ఫ్యాషన్ వేరు అనే భ్రమ కూడా మిగల్చలేదు. బార్బీ కంటే ఇది నిజాయితీగా అనిపిస్తుంది, కాస్త భయమూ వేస్తుంది.

2010 నాటి మాన్‌స్టర్ హై మళ్లీ మాటెల్‌దే. ఫ్రాంకీ స్టైన్, డ్రాక్యులారా లాంటి రాక్షసుల కూతుళ్లు. ఫ్రాంకీ ఒంటి మీద కుట్లు దాచలేదు. మోచెయ్యి, మణికట్టు, మోకాలు వంగుతాయి. నడుం మీద చెయ్యి వేయించి దెబ్బలాటకి దింపొచ్చు, మోకాళ్లు ముడిచి అలక పాన్పు ఎక్కించొచ్చు. కథ పిల్లల చేతిలోకి వచ్చింది.

2016 రీబూట్‌లో చవక బొమ్మలకి ఆ కీళ్లు తగ్గించేశారు. అంతకు ముందు ఏడాదే 22 కీళ్లతో 'మేడ్ టు మూవ్' బార్బీ వచ్చింది, మామూలు బార్బీ కంటే ఎక్కువ ధరకి. మా సాఫ్ట్‌వేర్ భాషలో చెప్పాలంటే, బేసిక్ వెర్షన్‌లో ఉండాల్సిన ఫీచర్ ప్రీమియంలోకి పోయింది. ఫోటోల కోసం బొమ్మని రకరకాలుగా నిలబెట్టే కలెక్టర్లకి మంచిదే. డబ్బా విప్పకుండా దాచుకునే కలెక్టర్ కూడా ఆ కీళ్లకి డబ్బులిస్తాడు, ఒక్కసారీ వంచడు. వంచి ఆడాలనుకునే పిల్లకి మాత్రం కొయ్యలాంటి చెయ్యి.

అదే 2016లో బార్బీకి పొడుగు, పొట్టి, బొద్దు అని మూడు కొత్త ఆకారాలు వచ్చాయి. చర్చంతా వాటి చుట్టూనే తిరిగింది. అవసరమైన మార్పే, కాదనను. కానీ బొమ్మ ఎలా ఉందో ఒక్క చూపులో తెలిసిపోతుంది. దానితో ఏం చేయొచ్చన్నది ఏళ్ల తరబడి సాగే ఆట. షాపులో ముఖం కంటే ముందు మోచెయ్యి చూడండి.