వేతన సవరణ – చెల్లింపు సామర్థ్యం: బి.ఎస్.ఎన్.ఎల్. ఉదంతం

1948లో ఏర్పడిన న్యాయ వేతనాల కమిటీ కనీస వేతనాన్ని న్యాయ వేతనానికి దిగువ హద్దుగా, చెల్లింపు సామర్థ్యాన్ని ఎగువ హద్దుగా పేర్కొన్నది. అయితే అది ఉద్దేశించినది ఒక ప్రాంతంలోని మొత్తం పరిశ్రమ సామర్థ్యాన్నే కాని, ఏదో ఒక్క సంస్థ సామర్థ్యాన్ని కాదు. 2017 జనవరి 1 నుండి అమలు కావలసిన వేతన సవరణ బి.ఎస్.ఎన్.ఎల్. ఉద్యోగులకు అందకపోవడానికి సంస్థ నష్టాలే కారణంగా చూపబడినవి. ఈ వాదన ఆ భేదాన్ని విస్మరించింది. పైగా ప్రైవేటు రంగంలో 4జి సేవలు 2012లోనే ఆరంభం కాగా, ప్రభుత్వ సంస్థకు ఆ స్పెక్ట్రం కేటాయింపు 2019 అక్టోబరులో గాని ఆమోదం పొందలేదు. యాజమాన్య హక్కు గల ప్రభుత్వమే సామర్థ్యాన్ని పరిమితం చేసి, ఆ పరిమితినే వేతన నిరాకరణకు ఆధారం చేసుకోవడం న్యాయసమ్మతం కాదు. 2019 ఫిబ్రవరి సమ్మెలో కార్మిక సంఘాలు వేతన సవరణతోపాటు స్పెక్ట్రంను కూడా కోరాయి. ఆ రెండవ కోరికను వ్యాపార విషయంగా కాక, వేతన పోరాటంలో అంతర్భాగంగానే గ్రహించవలసి ఉన్నది.