మాట్లాడే మేఘం, మాట్లాడని సముద్రం

వేరే గ్రహం జీవికి మన పోలికలు ఉండనక్కర్లేదని సైన్స్ ఫిక్షన్ రచయితలంతా ఒప్పుకుంటారు. ఒప్పుకుని మళ్లీ రెండు కాళ్లు, ఒక తల తగిలిస్తారు. ఆ మొహమాటం లేని నవలలు రెండు: ఫ్రెడ్ హాయిల్ 'ది బ్లాక్ క్లౌడ్' (1957), స్తానిస్లావ్ లెమ్ 'సొలారిస్' (1961). మొదటిదాంట్లో ఆలోచించేది అంతరిక్షంలో తిరిగే మేఘం. రెండోదాంట్లో గ్రహాన్ని కప్పేసిన సముద్రం.

హాయిల్ కేంబ్రిడ్జి ఖగోళ శాస్త్రవేత్త. మేఘంలో నరాల పని రేడియో తరంగాలు చేస్తాయంటాడు. గ్రహాల మీద తెలివి ఉందంటే ఆ మేఘమే ఆశ్చర్యపోతుంది: గురుత్వాకర్షణ ఒంటిని పెరగనివ్వదు, చిన్న ఒంట్లో పెద్ద మెదడెలా పడుతుందని! మనం అడగాల్సిన ప్రశ్న అదే మనల్ని అడగడం గొప్ప ఊహ. తీరా ఇంగ్లీషు నేర్చాక అది కేంబ్రిడ్జి ప్రొఫెసర్‌లాగే మాట్లాడుతుంది. బీతోవెన్ సొనాటా వినిపిస్తే, మొదటి భాగం 30 శాతం వేగంగా మళ్లీ వాయించమంటుంది. సరదాగానే ఉంది గానీ, పరాయితనం అక్కడే ఆవిరైపోయింది.

లెమ్ సముద్రం ఒక్క మాటా మాట్లాడదు. రెండు సూర్యుల మధ్య గ్రహం కక్ష్య చెదరకుండా చూసుకుంటుంది కాబట్టి దానికి తెలివి ఉందనుకోవాలి, అంతే. దాని మీద మనుషులు రాసిన పుస్తకాలతో లైబ్రరీ నిండింది. (ఆ సిద్ధాంతాల పేజీలు కొన్నిచోట్ల విసిగిస్తాయి కూడా.) ఆ సముద్రాన్ని పరిశోధించడానికి వచ్చిన కెల్విన్ ఎదుట, ఒకప్పుడు ఆత్మహత్య చేసుకున్న అతని ప్రియురాలు హేరీ మళ్లీ ప్రత్యక్షమవుతుంది. ఆమె గౌను విప్పబోతే విప్పే దారే ఉండదు. గుండీలు అలంకారానికే. కోయాల్సి వస్తుంది. అతని జ్ఞాపకంలో గౌను ఉంది, దాన్ని విప్పే ఏర్పాటు లేదు. సముద్రం ఆ జ్ఞాపకంలో ఉన్నంతవరకే తయారుచేసింది. అది కానుకో, హింసో, పరీక్షో లెమ్ చెప్పడు. హాయిల్ పుస్తకం మొత్తంలో ఆ గౌనుకు సాటివచ్చే పేజీ నాకు కనబడలేదు.

ఈ రెండు నవలల నడుమే, 1960లో, అమెరికా ఖగోళ శాస్త్రవేత్త ఫ్రాంక్ డ్రేక్ అక్కడి గ్రీన్ బ్యాంక్ రేడియో టెలిస్కోప్‌ను రెండు నక్షత్రాల వైపు తిప్పి సంకేతాల కోసం విన్నాడు. ఆ వెతుకులాటది హాయిల్ నమ్మకమే: అవతలివాడు మనలాగే రేడియో వాడతాడని. లెమ్ సముద్రం పక్కనే ఉన్నా ఆ యాంటెన్నాకు చిక్కదు. నవలగా లెమ్‌దే పైచేయి.

చదవాలనుకునేవారికి ఒక మాట. 1970 నాటి ఇంగ్లీషు 'సొలారిస్' ఫ్రెంచి మీదుగా వచ్చింది, అందులో హేరీ పేరు కూడా మారిపోయింది. పోలిష్ నుంచి నేరుగా బిల్ జాన్‌స్టన్ చేసిన 2011 అనువాదం వెతికి చదవండి.