భాషా మరణాన్ని ముందే లెక్కకట్టవచ్చునా?

సంఘం రేపు ఎలా నడుచుకుంటుందో ముందుగా చెప్పగల శాస్త్రం సాధ్యమేనా అన్న ప్రశ్న పాతదే. దానికి భాషారంగం నుంచి వచ్చిన ఒక సమాధానాన్ని ఇక్కడ పరిశీలిస్తున్నాము.

కార్నెల్ విశ్వవిద్యాలయానికి చెందిన డేనియల్ ఏబ్రమ్స్, స్టీవెన్ స్ట్రోగాట్స్ 2003లో 'నేచర్' పత్రికలో ఒక చిన్న వ్యాసం ప్రకటించారు. రెండు భాషలు పోటీపడేటప్పుడు ఒక్కొక్కదాని ఆకర్షణ దాని వక్తల సంఖ్యమీద, సంఘంలో దానికున్న ప్రతిష్ఠమీద ఆధారపడుతుందని వారి ప్రతిపాదన. ఈ రెంటితో కట్టిన సమీకరణం వెల్ష్, స్కాటిష్ గేలిక్, కెచువా భాషల క్షీణత లెక్కలతో చక్కగా సరిపోయింది. తీర్పు మాత్రం కఠినం: రెండు భాషలూ స్థిరంగా నిలవవు, ఒకటి రెండవదాన్ని మింగుతుంది.

సమీకరణం పొందికను మెచ్చుకోవలసిందే. అయితే అందులో ద్విభాషులకు చోటు లేదు. ఇంట్లో తెలుగు, వీధిలో కన్నడమో తమిళమో ఒడియానో మాట్లాడుతూ తరాలు గడిపినవారిని ఏ గడిలో వేయాలి? మీరా, పరేదెస్ అనే పరిశోధకులు 2005లో గలీషియన్, స్పానిష్ భాషలను తీసుకొని ద్విభాషులను మూడవ వర్గంగా చేర్చారు. భాషలు తగినంత దగ్గరివైతే ఆ వర్గం నిలవగలదని తేలింది. గడి ఒకటి పెంచగానే తీర్పు మారిందన్నమాట.

రెండవ చిక్కు ఇంకా లోతైనది. గ్రహణం తన గురించి చెప్పిన జోస్యాన్ని వినదు, మనుషులు వింటారు. వెల్ష్ రచయిత సాండర్స్ లూయిస్ 1962లో ఒక రేడియో ప్రసంగంలో, పరిస్థితి ఇలాగే సాగితే ఇరవయ్యొకటవ శతాబ్ది ఆరంభానికి వెల్ష్ జీవద్భాషగా మిగలదన్నాడు. ఆ హెచ్చరిక ప్రేరణతో అదే ఏడు వెల్ష్ భాషా సంఘం ఏర్పడింది. తరువాత చట్టాలు వచ్చాయి, వెల్ష్ మాధ్యమ పాఠశాలలు పెరిగాయి. వేల్స్ జనాభా లెక్కల్లో వెల్ష్ మాట్లాడగలవారు 1961లో సుమారు 26 శాతం, 2001లో 20.8, 2021లో 17.8 శాతం. భాష చావలేదు, గండమూ గడవలేదు.

ప్రతిష్ఠను సమీకరణం స్థిరాంకంగా తీసుకుంది. విద్య, ప్రభుత్వ విధానం దాన్ని పెంచగలవని ఆ రచయితలే ఒప్పుకున్నారు. కాబట్టి 'ఇలాగే ఉంటే ఇలా జరుగుతుంది' అన్నంతవరకే ఇది శాస్త్రమని మా అభిప్రాయం. 'జరిగి తీరుతుంది' అంటే జోస్యం.

తెలుగు, కన్నడాల దగ్గరితనం చూసి నిశ్చింతపడటమూ పొరపాటే. మన ఇళ్లలో పిల్లలతో ఎవరు ఏ భాష మాట్లాడుతున్నారో విద్యార్థులు ముందు లెక్క రాయాలి. ఆ లెక్క లేనిదే ఆశకూ ఆధారం లేదు, నిరాశకూ లేదు.